ధర్మదాతా, ధర్మకర్తా? ప్రజావైద్యంలో ప్రభుత్వ పాత్ర: ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

రోగికి వైద్యం అందించవలసిన బాధ్యత ఎవరిదనే ప్రశ్న ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవల మళ్లీ చర్చకు వచ్చింది. కొత్త వైద్య కళాశాలల్లో పదింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో నడపాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించినప్పుడు సమర్థకులూ విమర్శకులూ తమ తమ వాదాలను బలంగా వినిపించారు. ఆ వాదాలలో అధికభాగం వ్యయం చుట్టూ, యాజమాన్యం చుట్టూ తిరిగింది. ఆ రెండూ ముఖ్యమైన విషయాలే. అయితే వాటికి ముందు తేల్చుకోవలసిన నైతిక ప్రశ్న ఒకటి ఉంది. పేదరోగికి ప్రభుత్వం ఉచితంగా వైద్యం చేయించినప్పుడు అది దానం ఇస్తున్నదా, బాకీ తీరుస్తున్నదా? దానమైతే ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో దాత ఇష్టం. బాకీ అయితే అడిగే అధికారం రోగికి ఉంటుంది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఈ వ్యాసం రెండు ఆధారాలను స్వీకరిస్తుంది. మొదటిది వైద్యాన్ని గురించి తెలుగువారి వాడుకలోనూ శాసనాలలోనూ నిలిచిన పదజాలం. రెండవది నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో సముద్రతీరాన ఉన్న జువ్వలదిన్నె. ఒక పథకం ఎందరికి ఎంత మొత్తం చెల్లించిందో సచివాలయంలో లెక్కించవచ్చు. ఆ పథకం అవసరమైన వేళకు అందుబాటులో ఉన్నదా అనే విషయం మాత్రం తీరగ్రామంలో నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

'ధర్మాసుపత్రి': ఒక పదం, రెండు అర్థాలు

ప్రభుత్వ వైద్యశాలను తెలుగుదేశంలో తరతరాలుగా 'ధర్మాసుపత్రి' అంటున్నారు. ఈ సమాసంలోని పూర్వపదానికి మన వాడుకలో రెండు అర్థాలున్నాయి. 'ధర్మం చెయ్యండి బాబూ' అని యాచకుడు అడిగేటప్పుడు ధర్మం అంటే దయతో ఇచ్చే భిక్ష. 'అది నా ధర్మం' అని ఒక మనిషి అన్నప్పుడు తప్పించుకోరాని కర్తవ్యం. మొదటి అర్థంలో ఇచ్చేవాడు స్వతంత్రుడు, పుచ్చుకొనేవాడు కృతజ్ఞుడు. రెండవ అర్థంలో చేసేవాడే బద్ధుడు, అవతలివాడు నిలదీయగలడు.

ధర్మాసుపత్రి అనే మాట ఈ రెండింటి నడుమ ఊగుతూ వచ్చింది. 'ధర్మాసుపత్రి మందు' అన్నప్పుడు వినిపించే చులకన మొదటి అర్థం నుంచి పుట్టినదే. ఊరకే వచ్చినదానికి వంక పెట్టరాదన్న లోకరీతి రోగి నోరు నొక్కుతుంది. వరుసలో గంటల తరబడి నిలబడినా, పడక దొరక్క నేలమీద పడుకోబెట్టినా, అదే గొప్ప అనుకోవలసి వస్తుంది. ఉచిత వైద్యంలోని నాణ్యతాలోపానికి నిధుల కొరత ఒక కారణమైతే, దానిని భిక్షగా భావించే మనస్తత్వం మరొక కారణం. ఈ మనస్తత్వం ఇచ్చేవారిలోనూ ఉంది, పుచ్చుకొనేవారిలోనూ ఉంది.

ఇదే కుటుంబానికి చెందిన పదం 'ధర్మకర్త'. దేవాలయపు మాన్యాలకు ధర్మకర్త యజమాని కాడు. ఆస్తి దేవునిది; దానిని కాపాడి, నియమిత కార్యాలకు ఖర్చుచేసి, లెక్క అప్పగించడం అతని విధి. దీపారాధన జరిగినందుకు ధర్మకర్తను ఎవరూ దాతగా కీర్తించరు. జరగకపోతే మాత్రం అడుగుతారు. సబ్బుబిళ్ల మీదా అగ్గిపెట్టె మీదా పన్ను కట్టే నిరుపేద సొమ్ము కూడా కలిసిన ఖజానా విషయంలో ప్రభుత్వానికి తగిన పేరు ధర్మదాత అనే పేరా, ధర్మకర్త అనే పేరా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

శాసనాల సాక్ష్యం

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదాలను చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో రాజు లేడు. చికిత్స అనే క్రియకు రాజు అవసరం లేదు గాని, ఆ నాలుగు పాదాలూ ఒకచోట కలిసేటట్లు చూడడానికి ఒక వ్యవస్థ అవసరమన్న ఎరుక తెలుగునేలకు చాలా పాతది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో లభించిన అశోకుని శిలాశాసనాలలో రెండవది మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయడాన్నీ, ఓషధులు లేనిచోట్ల వాటిని తెప్పించి నాటించడాన్నీ, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచడాన్నీ ప్రస్తావిస్తుంది. వైద్యం, మందుమొక్కలు, నీరు, నీడ అనే నాలుగూ ఒకే వరుసలో రావడం గమనార్హం. రోగం వచ్చిన తరువాత చేసే చికిత్సను, రోగం రాకుండా చూసే ఏర్పాటు నుంచి ఆ శాసనం విడదీయలేదు.

రుద్రమదేవి కాలంనాటి మల్కాపురం శాసనం (1261) మరింత స్పష్టమైన ఆధారం. గోళకీమఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యులకు సంబంధించిన ఈ శాసనం దానగ్రామాల ఆదాయంలో కొంత భాగాన్ని ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కేటాయించింది. శాసనం ఆశయాన్నే చెబుతుంది గాని ఆచరణను చెప్పదన్న జాగ్రత్త అవసరమే. అయినా ఈ దానపు స్వరూపంలో రెండు అంశాలు నేటి చర్చకు పనికివస్తాయి. ఒకటి, దాత రోగికి ఇంత అని డబ్బు ఇవ్వలేదు; ఒక శాలను నిలబెట్టి, రోగులు వచ్చినా రాకున్నా అది నడిచేందుకు భూమి ఆదాయాన్ని ముడిపెట్టాడు. రెండు, మధ్యయుగపు దానశాసనాల భాషలో దానం 'ఆచంద్రార్కం' నిలవాలి. తరువాతి పాలకులు దానిని కాపాడాలి; చెరిపినవారికి పాపం చుట్టుకుంటుందని శాపవాక్యాలు రాయించడం పరిపాటి. ఇచ్చే క్షణంలో అది దానమే. ఇచ్చిన మరుక్షణం నుంచి మాత్రం ఉత్తరాధికారుల పాలిట తప్పనిసరి ధర్మం.

నేటి పథకాల పేర్లను దీనితో పోల్చి చూడవచ్చు. 2007లో 'రాజీవ్ ఆరోగ్యశ్రీ'గా మొదలైన పథకం ఆంధ్రప్రదేశ్‌లో తరువాత 'ఎన్.టి.ఆర్. వైద్యసేవ'గా, 'వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ'గా, తిరిగి 'ఎన్.టి.ఆర్. వైద్యసేవ'గా పేరు మార్చుకుంది. పథకం కొనసాగడం మెచ్చదగినదే. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారడం మాత్రం, పాలకులు తమను దాతలుగానే భావించుకుంటున్నారనడానికి నిదర్శనం. దాత పేరు చెక్కుకుంటాడు. ధర్మకర్తకు ఆ అవసరం లేదు.

అవసరమే అర్హత అనే వాదం, దానిపై ఆక్షేపణ

ఆధునిక తత్త్వచర్చలో ఈ సమస్య రెండు ధ్రువాలుగా కనిపిస్తుంది. 1962లో బెర్నార్డ్ విలియమ్స్ సమానత్వ భావనపై రాసిన వ్యాసంలో, వైద్యం పంపిణీకి సరైన ప్రాతిపదిక అనారోగ్యమే అన్నాడు. జబ్బు ఉండడమే వైద్యానికి అర్హత. డబ్బు అదనంగా వచ్చి పడిన షరతు. దీనికి రాబర్ట్ నోజిక్ 1974లో సమాధానమిచ్చాడు. అవసరమే అర్హతయైతే మంగలి కూడా క్షౌరం అవసరమైనవారికే పని చేయాలనవలసి వస్తుంది. తన శ్రమను ఎవరికి, ఏ ధరకు ఇవ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మంగలికి ఉన్నప్పుడు వైద్యునికి ఎందుకు ఉండరాదు? ఒకరి అవసరం మరొకరి శ్రమపై హక్కుగా మారదన్నది నోజిక్ వాదసారం.

ఈ ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. వైద్యునికీ కుటుంబం ఉంది, శ్రమకు విలువ ఉంది. అయితే ఈ ఆక్షేపణ వైద్యుడనే వ్యక్తికి వర్తిస్తుంది గాని సమాజానికి కాదు. రోగి హక్కు ఫలానా వైద్యుని మీద ఉండదు. పన్నులు సేకరించి ఉమ్మడి అవసరాలు తీర్చే వ్యవస్థ మీద ఉంటుంది. వైద్యునికి తగిన జీతమిచ్చి నియమించుకోవడం ఆ వ్యవస్థ పని. పైగా, క్షౌరానికీ చికిత్సకూ భేదం ఉన్నదని 1963లోనే కెన్నెత్ ఆరో ఆర్థికశాస్త్ర దృష్టితో చూపాడు. జబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినప్పుడు ఏ చికిత్స కావాలో రోగికి తెలియదు. అమ్మేవాడే కొనవలసిందేమిటో సలహా చెబుతాడు. నొప్పితో మెలికలు తిరుగుతున్నవాడు నాలుగు అంగళ్లు తిరిగి బేరమాడలేడు. బజారు సక్రమంగా పనిచేయడానికి కావలసిన షరతులు రోగి పడక దగ్గర ఉండవు.

మన రాజ్యవ్యవస్థ ఈ విషయంలో తన వైఖరిని చెప్పకపోలేదు. చెల్లించే శక్తి లేదన్న కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోరాదన్నది 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ మూలసూత్రం. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతుంది. రైలునుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని కలకత్తాలో ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి చేర్చుకోకుండా తిప్పి పంపిన వ్యవహారంలో, అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కుకు భంగమని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిధులు లేవన్న సాకు చెల్లదని కూడా పేర్కొంది. కాబట్టి బాకీ ఉన్నదనే విషయంలో సందేహం లేదు. ఆ బాకీ ఏ రూపంలో తీరాలన్నదే వివాదం.

చెల్లింపుదారుగా ప్రభుత్వం

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఈ బాకీని తీర్చేందుకు కొత్త మార్గం తొక్కింది. ప్రభుత్వం తానే చికిత్స చేయనక్కరలేదు. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ప్రైవేటు ఆసుపత్రి చేసిన చికిత్స ఖర్చును చెల్లిస్తే చాలు. అంతకుముందు పెద్ద జబ్బు చేసిన పేదవాడు ముఖ్యమంత్రి సహాయనిధి కోసం అర్జీ పట్టుకుని తిరగవలసి వచ్చేది. ఆ అర్జీ స్థానంలో కార్డు రావడం నిస్సందేహంగా నైతికమైన ముందడుగు. పొలానికో పడవకో తాకట్టు తప్పి గుండె ఆపరేషన్ చేయించుకోగలిగిన కుటుంబాలకు ఆ కార్డు విలువ వాదప్రతివాదాలకు అందేది కాదు. 2018లో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ బీమా కూడా ఈ తోవలోనిదే. ఆంధ్రప్రదేశ్ పథకపు పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెరిగింది.

అయితే కార్డు ఒక విషయాన్ని మార్చివేసింది. బాకీ 'చికిత్స' రూపం నుంచి 'బిల్లు' రూపంలోకి మారింది. జాబితాలో ఉన్న జబ్బుకు, ఆసుపత్రిలో చేరిన రోగికి, పూర్తయిన చికిత్సకు డబ్బు వస్తుంది. ఆరంభంలో ఈ పథకం ప్రధానంగా పెద్ద శస్త్రచికిత్సలకూ ప్రత్యేక చికిత్సలకూ పరిమితమైంది. రక్తపోటును ఏళ్ల తరబడి అదుపులో పెట్టే పనికి లేని ధర, అది అదుపు తప్పిన తరువాత చేసే ఆపరేషన్‌కు ఉంది. బకాయిలు విడుదల కాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలలో మరొక చిక్కు బయటపడింది. ఆసుపత్రి ప్రభుత్వాన్ని చూపిస్తుంది, ప్రభుత్వం పరిశీలనలో ఉన్న బిల్లులను చూపిస్తుంది. కార్డు చేతపట్టుకున్న రోగికి జవాబు చెప్పవలసింది ఎవరన్నది తేలదు. చెల్లించే బాధ్యత ఒకరిది, చేసే బాధ్యత మరొకరిది అయినప్పుడు, జవాబు చెప్పే బాధ్యత మధ్యలో జారిపోతుంది.

జువ్వలదిన్నె నుంచి చూస్తే

జువ్వలదిన్నె వేటమీద బతికే తీరప్రాంతపు ఊరు. దగ్గరి పట్టణం కావలి. పెద్దాసుపత్రి కావాలంటే జిల్లా కేంద్రమైన నెల్లూరు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యాంత్రిక పడవల వేటకు నిషేధం. తక్కిన కాలంలో సముద్రం అనుకూలించిన రోజే కూలి. ఇటువంటి కుటుంబానికి చికిత్స ఉచితమైనంత మాత్రాన ఖర్చులేనిది కాదు. పోనూ రానూ బండి ఖర్చు, తోడు వెళ్లిన మనిషి కూలి, పోయిన వేట, ఇవన్నీ బిల్లులో కనిపించవు. ఈ నిజాన్ని ప్రభుత్వం ఒకసారి గుర్తించింది కూడా. 2019 డిసెంబరులో మొదలైన 'ఆరోగ్య ఆసరా' శస్త్రచికిత్స తరువాతి విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా భృతి ఇచ్చింది.

తీరంలో వచ్చే అవసరాలను వరుసగా చూస్తే వాటిలో ఒక ఉమ్మడి లక్షణం కనిపిస్తుంది. అర్ధరాత్రి మొదలైన కాన్పునొప్పులు, వలలాగుతుండగా చేతిలో దిగి చీముపట్టిన చేపముల్లు, ఇంటి వెనుక పాము కాటు, ఏళ్లుగా గమనించని మధుమేహం. ఇవన్నీ కోరేది దగ్గరలో ఒక మనిషి మెలకువగా ఉండడం, శీతల పెట్టెలో విషానికి విరుగుడు ఉండడం, పిలిస్తే బండి రావడం. దీనిని సన్నద్ధత అనవచ్చు. సన్నద్ధత విచిత్రమైన వస్తువు. అవసరం పడని రోజున కూడా దానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు రాసేందుకు ఏ రోగి పేరూ ఉండదు. కేసుకింత అని చెల్లించే ఏ పద్ధతీ, బీమా అయినా ట్రస్టు అయినా, సన్నద్ధతను కొనలేదు. చెల్లింపు రోగి వెంట పోతే, ఆసుపత్రులు రోగులు గుంపుగా దొరికే నగరాల వెంట పోతాయి. ఇందులో ప్రైవేటు వైద్యుల దురాశను వెదకనక్కరలేదు; ఏర్పాటే అటువంటిది.

ఈ ఊరిలోనే దీనికి పోలిక ఉంది. 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్యదినోత్సవం నాడు శంకుస్థాపన జరిగిన నాలుగు చేపలరేవులలో జువ్వలదిన్నె ఒకటి. రేవు అవసరాన్ని గుర్తించిన ప్రభుత్వం ఒక్కొక్క మత్స్యకారునికి ఒక కార్డు ఇచ్చి, ఎక్కడైనా ప్రైవేటు రేవులో పడవ నిలుపుకుంటే అద్దె చెల్లిస్తానని అనలేదు. ప్రజాధనంతో ఆ ఊరిలోనే రేవు కట్టడానికి పూనుకుంది. పడవలు వచ్చినా రాకున్నా రేవు ఉండాలి. తుపాను రాత్రి దాని విలువ తెలుస్తుంది. ఆసుపత్రికీ రేవుకూ తేడా ఉన్నదనవచ్చు. చికిత్స ఒక్కొక్క వ్యక్తికి విడివిడిగా అందే మేలు, రేవు అందరికీ ఉమ్మడి. చికిత్స విషయంలో ఇది నిజమే. కాని చికిత్స కోసం సిద్ధంగా ఉండడం అనే మేలు రేవులాగే ఉమ్మడిది. ఏ రాత్రి ఎవరి ఇంట అవసరం పడుతుందో తెలియదు కనుక, ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో వెలిగే దీపం ఊరిలో ప్రతి ఇంటికీ చెందినదే. మల్కాపురంలో భూమి ఆదాయాన్ని ఆరోగ్యశాలకు ముడిపెట్టినవారు గ్రహించినది ఈ విషయాన్నే.

సన్నద్ధత లేనిచోట ఏమి జరుగుతుందో ఇదే జిల్లా తీరంలో 2021 మే నెలలో కనిపించింది. కరోనా రెండవ విజృంభణలో ఆసుపత్రుల్లో పడకలకూ ఆక్సిజన్‌కూ కటకట ఏర్పడినప్పుడు, కృష్ణపట్నంలో ఆనందయ్య ఉచితంగా ఇచ్చిన మందుకోసం వేలమంది బారులు తీరారు. పంపిణీ నిలిపివేసి, ఆయుష్ నిపుణుల చేత పరిశీలింపజేసిన ప్రభుత్వం నెలాఖరున కంటి చుక్కలను మినహాయించి అనుమతి ఇచ్చింది. ఆ మందు గుణాగుణాలు వేరే చర్చ. ఆ జనసమూహాన్ని మూఢత్వంగా కొట్టిపారేయడం మాత్రం అన్యాయం. పిలిస్తే పలికే మనిషి, అందే చోట, అందే ధరకు ఉన్నాడన్న నమ్మకం వారిని నడిపించింది. ఆ నమ్మకాన్ని కలిగించవలసిన వ్యవస్థ మీద అది చేదు తీర్పు.

ఆక్షేపణలు, సమాధానాలు

ప్రభుత్వం నేరుగా వైద్యం అందించాలన్న వాదానికి బలమైన ఆక్షేపణ అనుభవం నుంచే వస్తుంది. కేంద్రం ఉన్నా వైద్యుడు లేకపోవడం, వైద్యుడు ఉన్నా మందు లేకపోవడం పల్లెవాసులకు తెలియనివి కావు. కార్డు చేతికి వచ్చినప్పుడు పేదలు ధర్మాసుపత్రిని వదలి ప్రైవేటు గడప ఎక్కారంటే, అందులో మర్యాద కోసం పడిన ఆరాటం ఉంది. దీనిని కాదనడం రోగి అనుభవాన్ని కాదనడమే. కాని ఈ ఆక్షేపణ రుజువు చేసేది ధర్మకర్త విధి తప్పాడని. ఆ విధి లేదని కాదు. ఆలయంలో దీపం వెలగనప్పుడు భక్తుల చేతికి నూనె డబ్బులిచ్చి వేరే గుడికి పొమ్మనడం ధర్మకర్త చేయదగిన పని కాదు.

రెండవ ఆక్షేపణ ప్రభుత్వేతర కృషిని గురించినది. నెల్లూరులోనే దీనికి ఉదాత్తమైన ఉదాహరణ ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో నెలకొల్పిన వైద్యశాల, తరువాతి కాలంలో ఆయన పేరిటి ప్రజావైద్యశాల, తక్కువ ఖర్చుతో సామాన్యులకు వైద్యం అందించడంతో పాటు గ్రామీణ వైద్యులకు శిక్షణ ఇచ్చే కేంద్రంగానూ పేరు పొందింది. అది సర్కారుదీ కాదు, లాభాపేక్ష గలదీ కాదు. అటువంటిదే వేరొక తరహా ఉదాహరణ 108 అంబులెన్సు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఒక ప్రభుత్వేతర సంస్థ చొరవతో మొదలై, ప్రభుత్వ నిధులతో రాష్ట్రమంతటా విస్తరించింది. అందులో చెల్లింపు రోగి బిల్లును బట్టి కాక, బండి సిద్ధంగా ఉండడాన్ని బట్టి సాగింది. తీరగ్రామానికి అందిన కొత్త సేవలలో అది ప్రజల మన్నన పొందడానికి ఇదే కారణం.

ఈ రెండు ఉదాహరణలూ ఒక సవరణను సూచిస్తాయి. ఆసుపత్రి గోడలు ఎవరివన్నది నిర్ణాయకం కాదు. సన్నద్ధంగా ఉండే కట్టుబాటు ఎవరు స్వీకరించారు, తప్పినప్పుడు ఎవరు జవాబు చెబుతారు అన్నవి నిర్ణాయకం. ఉదాత్తుడైన వైద్యుడు ఆ కట్టుబాటును స్వచ్ఛందంగా స్వీకరించవచ్చు. కాని ఆయన నెల్లూరులో ఉంటే జువ్వలదిన్నె ఆయనను నిలదీయలేదు. ఒక సంస్థ ఒప్పందం మేరకు స్వీకరించవచ్చు. ఒప్పందం ముగిసిననాడు తప్పుకోనూవచ్చు. తప్పుకొనే స్వేచ్ఛ లేనిది ప్రభుత్వానికి మాత్రమే. భాగస్వాములను పెట్టుకునే అధికారం దానికి ఉంది. భాగస్వామి చేతిలో పెట్టి తాను పక్కకు తొలగే అధికారం లేదు. వైద్య కళాశాలల భాగస్వామ్యాన్ని కూడా ఈ కొలతతోనే చూడవలసి ఉంటుంది. ఆ ఒప్పందాలలో ఉచిత పడకల సంఖ్య ఎంత అన్నదానితో పాటు, అవి నిరాకరించబడిన రోగి ఏ గుమ్మం ముందు నిలబడి అడగాలన్నది కూడా రాసి ఉండాలి.

మూడవ ఆక్షేపణ వ్యయం. 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్యవ్యయాన్ని స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్యవిధానం లక్ష్యంగా పెట్టుకుంది. పరిమితమైన ఆ నిధిలో పెద్ద చికిత్సల బిల్లులకూ ఊరి సన్నద్ధతకూ మధ్య పోటీ తప్పదు. గుండె ఆపరేషన్ పొందిన రోగికి పేరు, ముఖం, కృతజ్ఞత ఉంటాయి. సకాలంలో మాత్ర వేసుకున్నందువల్ల పక్షవాతం రాని మనిషి తనకు మేలు జరిగిందన్న సంగతే ఎరుగడు. దాతకు మొదటిది ప్రీతికరం. ధర్మకర్త రెండవదానికి తొలి ప్రాధాన్యం ఇవ్వవలసినవాడు, ఎందుకంటే అతడు కీర్తికి కాక లెక్కకు బద్ధుడు. దీని అర్థం కార్డును రద్దు చేయాలని కాదు. ఊరిలోని సన్నద్ధత నిలబడిన తరువాత, దానికి అందని జబ్బులకు కార్డు తోడుగా ఉండాలి. దాని స్థానాన్ని ఆక్రమించరాదు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ప్రజావైద్యం ప్రభుత్వం ఇచ్చే దానం కాదు, తీర్చవలసిన బాకీ. మన శాసనాలలోని దానభాష కూడా ఇచ్చినదానిని ఉత్తరాధికారులకు విధిగా మార్చింది. ఆ బాకీ బిల్లు చెల్లించడంతో పూర్తిగా తీరదు. అవసరం పడని రోజున కూడా సిద్ధంగా ఉండే ఏర్పాటు అందులో ప్రధానభాగం, దానిని బజారు గాని బీమా గాని సమకూర్చలేవు. ప్రైవేటు వైద్యానికీ సేవాసంస్థలకూ ఈ ఏర్పాటులో స్థానం ఉంది. జవాబుదారీ మాత్రం బదిలీ కాదు.

ఆరోగ్యశాఖ వార్షిక నివేదికలు చెల్లించిన మొత్తాలను, చికిత్స పొందినవారి సంఖ్యను ప్రకటిస్తాయి. వాటి పక్కన మరొక పట్టిక ఉండాలి. ప్రతి తీరగ్రామానికీ, ప్రతి తండాకూ ఎదురుగా, ఆ ఏడాది ఎన్ని రాత్రులు అందుబాటులో వైద్యసిబ్బంది ఉన్నారు, ఎన్ని రోజులు విషానికి విరుగుడు నిల్వలో ఉంది, పిలిచిన ఎంతసేపటికి బండి వచ్చింది అన్న వివరాలు అందులో రాయాలి. ధర్మకర్త అప్పగించవలసిన లెక్క అది. జువ్వలదిన్నె రేవులో ఎన్ని పడవలు నిలిచాయో నమోదు చేయగల ప్రభుత్వానికి ఈ లెక్క రాయడం అసాధ్యమేమీ కాదు.